రాతి పన్ను చెప్పిన కథ

మీ పాలపన్ను మొదటిసారి ఊడినప్పుడు ఏం చేశారు? చాలామంది ఇంటి కప్పు మీదికి విసిరే ఉంటారు. అలా విసిరితే కొత్త పన్ను చక్కగా వస్తుందని అమ్మమ్మలు చెబుతారు. పాలపళ్ళు ఇరవయ్యీ ఊడి, కొత్తవి వచ్చాక, మనకిక ఆ అదృష్టం లేదు. తరవాత ఊడినది ఊడినట్టే. కావలిస్తే మీ తాతగారి బోసినోరు చూడండి.

సొరచేప సంగతి వేరు. దాని నోట్లో పళ్ళు వరస వెనక వరసగా ఉంటాయి. ముందు వరసలో పన్ను ఊడితే, వెనక ఉన్నది ముందుకు జరిగి ఆ చోటులోకి వస్తుంది. పుట్టింది మొదలు చచ్చేదాకా ఇదే వరస. ఒక్కొక్క సొరచేప తన జీవితంలో వేలకొద్దీ పళ్ళు రాలుస్తుంది. అవన్నీ సముద్రం అడుగున బురదలో పడతాయి. సొరచేపలు ఈ భూమి మీద సుమారు 40 కోట్ల సంవత్సరాలుగా ఉన్నాయి. అన్ని కోట్ల ఏళ్ళలో అవి రాల్చిన పళ్ళు ఎన్నో మీరే ఊహించుకోండి!

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, చెసపీక్ అఖాతం ఒడ్డున, కాల్వర్ట్ అనే చోట ఎత్తయిన మట్టి గట్లు ఉన్నాయి. అలలు కొట్టి కొట్టి ఆ గట్లు విరిగిపడినప్పుడల్లా, లోపలి నుంచి రాతిపళ్ళు జారి ఇసకలో పడతాయి. మన పిల్లలు గవ్వలు ఏరుకున్నట్టు అక్కడి పిల్లలు ఆ పళ్ళు ఏరుకుంటారు. వాటిలో చాలా భాగం మీ చిటికెనవేలి గోరంత ఉంటాయి. అయితే ఎప్పుడో ఒకసారి, అదృష్టం బాగుంటే, పెద్దవాళ్ళ అరచెయ్యి అంత పన్ను దొరుకుతుంది. అది మూడు మూలలుగా ఉంటుంది. దాని అంచుల వెంబడి కక్కుకొడవలికి ఉన్నట్టు సన్నని రంపపు నొక్కులుంటాయి. రంగు బూడిదగానో నల్లగానో ఉంటుంది. బరువు రాయి బరువే. ఇలాంటి పళ్ళలో చాలా పెద్దవి కొన నుంచి వేరు దాకా కొలిస్తే 7 అంగుళాలున్నాయి.

ఇప్పటి సముద్రాలలో వేటాడి తినే చేపలన్నిటిలోకీ పెద్దది తెల్ల సొర. దాని పన్ను రెండు, రెండున్నర అంగుళాలకు మించటం అరుదు. మరి ఈ 7 అంగుళాల పన్ను ఎవరిది?

ఈ ప్రశ్న చాలా పాతది. యూరప్‌లో ఇలాంటి రాళ్ళను వందల ఏళ్ళపాటు ‘నాలుక రాళ్ళు’ అన్నారు. అవి చూడటానికి నాలుకల్లాగే ఉంటాయి. అమావాస్య నాడు ఆకాశం నుంచి రాలిపడతాయని కొందరు నమ్మారు. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే ద్వీపం ఉన్నది. అక్కడి సున్నపురాతిలో ఇవి విస్తారంగా దొరికేవి. ఇవి పాముల నాలుకలనీ, ఒక మహాత్ముడి మహిమ వల్ల రాళ్ళయిపోయాయనీ అక్కడివాళ్ళు చెప్పుకునేవారు. పాము నాలుక గనక విషానికి విరుగుడు అవుతుందని రాజులూ, ప్రభువులూ వీటిని మెడలో కట్టుకునేవారు. తాగబోయే పానీయంలో ముంచి మరీ తాగేవారు. ఆ రోజుల్లో రాజులకు విషప్రయోగం భయం జాస్తి మరి!

1666 అక్టోబరులో ఇటలీలో లివోర్నో అనే రేవు దగ్గర జాలరులకు ఒక పెద్ద సొరచేప చిక్కింది. ఈ వార్త ఫ్లోరెన్సును పాలించే ప్రభువు ఫెర్డినాండో చెవిన పడింది. ఆయన చేప తల తెప్పించి, తన కొలువులో ఉన్న ఒక యువకుడికి ఇచ్చి, కోసి చూడమన్నాడు. ఆ యువకుడు డెన్మార్కు దేశస్థుడు, పేరు స్టెనో. అప్పటికి ఆయనకు 28 ఏళ్ళు. శరీర నిర్మాణం పరీక్షించటంలో ఆయన అప్పటికే పేరు పొందాడు. మన చెంపల్లోంచి నోట్లోకి లాలాజలం తెచ్చే గొట్టం ఒకటున్నది. దానికి నేటికీ ఆయన పేరే.

స్టెనో ఆ తలను కోసి, కళ్ళూ మెదడూ చూసి, పళ్ళ దగ్గరికి వచ్చాడు. పళ్ళు చూడగానే ఆయనకు నాలుక రాళ్ళు జ్ఞాపకం వచ్చాయి. అవే మూడు మూలలు, అదే కొన, అదే వేరు! నాలుక రాళ్ళు సొరచేప పళ్ళేనని అంతకు ముందు కూడా ఒకరిద్దరు అన్నారు. కాని వాళ్ళ మాట ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోకపోవటానికి కారణం ఉన్నది. సొరచేప పన్నే అయితే, అది కొండరాతి నడుమకు ఎలా వెళ్ళింది? గట్టిరాయిలోకి గట్టిపన్ను దూరుతుందా? దీనికి జవాబు చెప్పనిదే ఊరికే ‘పోలి ఉన్నది’ అంటే ఎవరు నమ్ముతారు?

స్టెనో చెప్పిన జవాబు మీరు ఇంట్లోనే చూడవచ్చు. కొత్తనీరు వచ్చినప్పుడు ఏటి నీళ్ళు ఎర్రగా, బురదగా ఉంటాయి. పూర్వం ఆ నీళ్ళు కుండలో పోసి, ఇండుపగింజ అరగదీసి కలిపేవారు. కొంతసేపటికి బురద అడుగుకు దిగి, పైన తేట మిగిలేది. అడుగున పేరుకున్న ఆ మట్టిలో ఒక చింతగింజ పడి ఉన్నదనుకోండి. మర్నాడు మళ్ళీ బురదనీళ్ళు పోస్తే, దాని మీద ఇంకో పొర. ఇలా కొన్నాళ్ళు చేసి కుండను ఎండబెడితే, గింజ గట్టి మట్టి నడుమ చిక్కుకుని ఉంటుంది. గింజ మట్టిలోకి దూరలేదు. గింజ చుట్టూ మట్టి గట్టిపడింది. పన్ను రాతిలో చిక్కుకోవటం కూడా ఇంతే. ఇంకొక విషయం కూడా ఆయన గ్రహించాడు. ఎవరూ కదిలించకపోతే, కింది పొర పైపొర కన్న ముందుది. ఈ సంగతి ఆయన 1669లో వివరంగా రాసి అచ్చువేశాడు. ఈనాటికీ భూగర్భశాస్త్రజ్ఞులు రాతి పొరలను ఈ లెక్కనే చదువుతారు.

స్టెనో తొందరపడి మాట్లాడే మనిషి కాడు. 1667లో సొరచేప తలను గురించి రాస్తూ, నాలుక రాళ్ళు పళ్ళేననే వాళ్ళు సత్యానికి దూరంగా లేరని మాత్రమే అన్నాడు. కాని ఆ మాటలో ఎంత ఉన్నదో చూడండి: ఇవి పళ్ళయితే, ఇవి దొరికిన కొండలు ఒకప్పుడు సముద్రపు అడుగులు! మన దేశంలోనూ అలాంటి చోట్లున్నాయి. ఒడిశాలో బారిపద పట్టణం దగ్గర బుఢాబలంగ నది గట్టున, సముద్రానికి చాలా దూరాన, కోటి సంవత్సరాల కన్న పాతవైన పొరల్లో సొరచేపల పళ్ళు దొరుకుతాయి.

ఆ పన్ను సొరచేపదేనని తేలింది. కాని అంత పన్నుగల సొరచేప ఇప్పుడు ఏ సముద్రంలోనూ లేదు. స్విట్జర్లండుకు చెందిన అగాసిజ్ అనే శాస్త్రజ్ఞుడు 1833 నుంచి 1843 దాకా, రాతిలో దొరికిన చేపలను గురించి పెద్ద గ్రంథం అచ్చువేశాడు. ఆయన దీనికి ‘మెగలొడాన్’ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘పెద్ద పన్ను’ అని అర్థం. పెద్ద చేప అనకుండా పెద్ద పన్ను అనటం సబబుగానే ఉన్నది. దొరికింది పన్నే కదా!

పన్ను ఒక్కటే ఎందుకు దొరికింది, మిగతా చేప ఏమైంది అని మీరు అడగవచ్చు. మీ చెవిదొప్పను పట్టుకుని వంచి చూడండి. ముక్కుకొనను నొక్కి చూడండి. లోపల ఉన్నది ఎముక కాదు, మృదులాస్థి. సొరచేపకు ఒళ్ళంతా అదే, ఎముకలే లేవు. చచ్చిన తరవాత మృదులాస్థి త్వరగా కుళ్ళిపోతుంది. పళ్ళు మాత్రం మహా గట్టివి. అవి బురదలో కూరుకుపోయాక, నీటిలో కరిగి ఉన్న ఖనిజాలు వాటి సూక్ష్మమైన సందులలో చేరి, క్రమంగా రాయి చేస్తాయి. ఏ బురదలో పడితే ఆ రంగు వస్తుంది. ఇలా రాయిగా మారినదాన్ని శిలాజం అంటారు.

పన్నును బట్టి చేప ఎంతదో చెప్పటం తేలిక అనుకుంటున్నారా? పెద్ద పండితులే ఇక్కడ పొరపడ్డారు. 1909లో న్యూయార్క్‌లోని ప్రకృతి శాస్త్ర ప్రదర్శనశాల వాళ్ళు దొరికిన పళ్ళను అమర్చి, మెగలొడాన్ దవడలను తయారుచేశారు. అవి ఎంత పెద్దవంటే, మనిషి వాటి మధ్య హాయిగా కూర్చోవచ్చు! అలా కూర్చుని తీసిన ఫోటో ప్రపంచమంతా తిరిగింది. చేప పొడవు 100 అడుగులు ఉంటుందన్నారు.

తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను. అద్దం ముందు నిలబడి మీ నోరు తెరిచి చూసుకోండి. ముందరి పళ్ళకూ దవడ పళ్ళకూ పోలిక ఉన్నదా? సొరచేపకు కూడా పళ్ళన్నీ ఒక్కలా ఉండవు. నోటి మధ్యవి పెద్దవి. పక్కలకు పోయినకొద్దీ చిన్నవి. ఆ దవడలు కట్టినవాళ్ళు పక్కలకు కూడా పెద్దపళ్ళే పెట్టారు. వరస పొడవు పెరిగింది. దానితోపాటు దవడా పెరిగింది. దవడ పెరిగితే చేపా పెరిగింది! 1973లో రాండల్ అనే శాస్త్రజ్ఞుడు ఇప్పటి తెల్ల సొర పళ్ళకూ పొడవుకూ గల నిష్పత్తి తీసి లెక్కవేస్తే, నూరడుగుల చేప కాస్తా 43 అడుగులకు దిగివచ్చింది.

అదృష్టవశాత్తు మెగలొడాన్‌కు చెందినవి పళ్ళు కాక ఇంకొకటి కూడా ఉన్నది. వెన్నుపూసలలో సున్నం చేరి కాస్త గట్టిపడతాయి గనక, అరుదుగా అవి నిలుస్తాయి. 1860 ప్రాంతాల బెల్జియంలో ఒకే చేపకు చెందిన పూసలు 140కి పైగా దొరికాయి. వాటిని వరసగా పేరిస్తే సుమారు 36 అడుగులు వస్తుంది. అందులో తలా లేదు, తోకా లేదు! ఈ పూసలను అడ్డంగా చూస్తే, చెట్టు మొద్దులో లాగా ఏడాదికొక వలయం చొప్పున కనిపిస్తాయి. 2021లో వాటిని లెక్కపెడితే, ఆ చేప 46 ఏళ్ళ వయసులో చచ్చిపోయిందని తేలింది. తల్లి కడుపులోంచి బయటపడేటప్పుడే అది ఆరున్నర అడుగులున్నదన్నారు. మన ఇళ్ళల్లో తలుపు ఎత్తు అంత పాప!

ఇక్కడితో లెక్క తెగిందనుకోకండి. 2022లో కొందరు ఈ పూసల సాయంతో చేప మొత్తం ఆకారాన్ని గణించి, దీని పొడవు సుమారు 52 అడుగులన్నారు. 2025లో ఇంకా కొందరు, మెగలొడాన్ తెల్ల సొరలాగా బొద్దుగా ఉండేది కాదు, సన్నగా పొడుగ్గా ఉండేదని వాదించారు. అన్నిటికన్న పెద్దవి 80 అడుగుల దాకా ఉండి ఉండవచ్చనీ, పిల్ల పుట్టేటప్పుడే 12 అడుగులకు తగ్గేది కాదనీ వాళ్ళ లెక్క. నూరు నుంచి నలభైమూడు, అక్కడి నుంచి ఎనభై! పంచాంగాల వాళ్ళు పండగ తేదీ గురించి వాదించుకున్నట్టు కనిపించవచ్చు. కాని ఇక్కడ తగవు తీర్చేది ఎవరి పాండిత్యమూ కాదు. ఎవరికైనా తలా తోకతో సహా పూర్తి చేప దొరికిననాడు తగవు దానంతట అదే తీరుతుంది. ఇప్పుడున్న చేపలన్నిటిలోకీ పెద్దది తిమింగల సొర. అది అప్పుడప్పుడు మన విశాఖ తీరంలో కూడా కనిపిస్తుంది. అది సాధువు. నోరు తెరుచుకుని నీళ్ళలోని చిన్న చిన్న ప్రాణులను వడగట్టుకుని తింటుంది.

మెగలొడాన్ సాధువు కాదు. ఏం తినేదో ఎలా తెలుసంటారా? తిన్నవాటి ఎముకలు చెబుతాయి. ఆ కాలపు తిమింగలాల ఎముకల మీద గాట్లున్నాయి. రంపపు అంచు ఎముక మీద గీసుకుపోతే ఎలాంటి గీతలు పడతాయో అలాంటివే. నాకు ఈ కథంతటిలోకీ నచ్చినది ఒక చిన్న పక్కటెముక. అది అమెరికాలో నార్త్ కరోలినాలోని ఒక గనిలో దొరికింది. వయసు 30, 40 లక్షల సంవత్సరాలు. దాని మీద రెండున్నర అంగుళాల ఎడంతో మూడు పంటి గాట్లున్నాయి. అది మెగలొడాన్ పనో, ఆనాటి మరో పెద్ద సొర పనో రూఢిగా చెప్పలేదు. వింత ఏమిటంటే, ఆ గాట్ల చుట్టూ కొత్త ఎముక పెరిగి ఉన్నది. చచ్చిన జంతువుకు ఎముక పెరగదు కదా? అంచేత ఆ తిమింగలం కాటు తిని కూడా తప్పించుకున్నది! అయితే ఆ కొత్త ఎముక, గాయం చీము పట్టినప్పుడు హడావిడిగా పెరిగే రకం. అది పూర్తిగా గట్టిపడనే లేదు. పాపం, ఆ జంతువు రెండు నుంచి ఆరు వారాలు మాత్రమే బతికిందని పరీక్షించినవాళ్ళు చెప్పారు. నలభై లక్షల ఏళ్ళ నాటి ఒక ప్రాణి ఆఖరి రోజుల లెక్క ఒక్క ఎముక ముక్క పట్టిచ్చింది!

అంత భయంకరమైన చేపకు కూడా పిల్లల గురించి బెంగ ఉండేదేమో! పనామా దేశంలో గతూన్ అనే చోట కోటి సంవత్సరాల నాటి పొరలున్నాయి. అక్కడ దొరికే మెగలొడాన్ పళ్ళు చాలావరకు చిన్నవి. చిన్నపళ్ళు పెద్దచేప నోటి పక్కలవి కూడా కావచ్చుగా అంటారు మీరు. 1909 నాటి పొరపాటు మీకు బాగా తలకెక్కిందన్నమాట! అందుకనే పరీక్షించినవాళ్ళు ఒక్కొక్క పన్ను ఆకారాన్ని బట్టి, అది నోట్లో ఏ చోటిదో ముందు తేల్చుకున్నారు. ఆ తరవాతనే కొలిచారు. చివరకు అవి పిల్లచేపలవేనని 2010లో ప్రకటించారు. అక్కడ ఆ రోజుల్లో సముద్రం లోతు తక్కువ, తిండి పుష్కలం. పిల్లలు పెరగటానికి అది మంచి చోటు.

మామూలుగా చేప ఒళ్ళు తాను ఈదే నీళ్ళంత చల్లగానే ఉంటుంది. మెగలొడాన్ ఒళ్ళు మాత్రం సముద్రపు నీటి కన్న 7 డిగ్రీలు వెచ్చగా ఉండేదని 2023లో కనిపెట్టారు. కోట్ల ఏళ్ళ కిందట చచ్చిన చేపకు జ్వరమానిని పెట్టిందెవరు? పన్నే! పన్ను తయారయ్యేటప్పుడు దానిలో కర్బనమూ ఆమ్లజనీ అణువులు కలిసి చేరతాయి. వాటిలో కొన్ని బరువు రకాలుంటాయి. ఆ బరువు రకాలు ఒకదానితో ఒకటి ఎంతగా జతకట్టేదీ వేడిమిని బట్టి మారుతుంది. చల్లగా ఉంటే జతలు ఎక్కువ, వెచ్చగా ఉంటే తక్కువ. ఆ జతలను లెక్కపెట్టి, పన్ను పుట్టిననాటి వేడిమి చెప్పారు.

వెచ్చని ఒళ్ళు వేటకు మంచిది. వేగంగా ఈదవచ్చు, చల్లనీళ్ళలోకి కూడా పోవచ్చు. కాని పొయ్యి ఆరకుండా ఉండాలంటే కట్టెలు పడుతూనే ఉండాలి. మెగలొడాన్ ఈ భూమి మీద సుమారు 2 కోట్ల సంవత్సరాలు రాజ్యమేలింది. తరవాత సముద్రాలు చల్లబడసాగాయి. ధ్రువాల దగ్గర మంచు పెరిగి, తీరాల వెంట నీరు వెనక్కు తగ్గింది. దానికి తిండి అయిన చిన్నరకం తిమింగలాలలో చాలా జాతులు పోయాయి. సరిగా ఆ రోజుల్లోనే తెల్ల సొర కొత్తగా బయలుదేరింది. అది చిన్నది, దాని తిండి కొద్ది. కాని అది కూడా ఆ వేటనే వేటాడింది. ఈ కారణాలలో ఏది ఎంత పనిచేసిందో ఇంకా వాదిస్తూనే ఉన్నారు. సుమారు 36 లక్షల సంవత్సరాల కిందటి పొరల తరవాత మెగలొడాన్ పన్ను కొత్తది ఒక్కటీ లేదు.

‘సముద్రం అంత లోతుగా ఉన్నదే, అడుగున ఎక్కడో దాక్కుని ఉండకూడదా?’ అని మీలో కొందరు అడుగుతారు. పెద్దవాళ్ళే అడిగారు. చాలెంజర్ అనే ఇంగ్లీషు ఓడ 1872 నుంచి 1876 దాకా సముద్రాలను పరిశోధిస్తూ ప్రపంచమంతా తిరిగింది. అది పసిఫిక్ మహాసముద్రంలో రెండు మైళ్ళకు పైగా లోతున అడుగును దేవితే, మెగలొడాన్ పళ్ళు వచ్చాయి. వాటి మీద మాంగనీసు అనే ఖనిజం నల్లగా పేరుకుని ఉన్నది. 1959లో ఒక శాస్త్రజ్ఞుడు ఆ నల్లపొర మందం కొలిచి, ఆ పొర ఏటా ఇంత చొప్పున పెరుగుతుందని అనుకుని లెక్కవేశాడు. ఒక పన్ను వయసు 24 వేల సంవత్సరాలు, ఇంకొకదానిది 11 వేల సంవత్సరాలు అని వచ్చింది. నిన్న మొన్నటిదన్నమాటే! అప్పటినుంచి, మెగలొడాన్ ఇంకా బతికే ఉన్నదని చెప్పేవాళ్ళకు ఈ పళ్ళే ఆధారం.

కాని ఆ నల్లపొర అన్నిచోట్లా ఒకే చొప్పున పెరగదు. కొన్నిచోట్ల వేగం, కొన్నిచోట్ల బహు నిదానం. మధ్యలో ఆగిపోవటమూ ఉన్నది. గోడ మీద నాచు మందాన్ని బట్టి ఇల్లు కట్టిన సంవత్సరం చెబితే ఎట్లా ఉంటుందో ఇదీ అంతే. పైగా మెగలొడాన్ పళ్ళు విస్తారంగా దొరికేది ఒకనాటి తీరాలకు దగ్గరగా ఉన్న పొరల్లో. తిమింగలాలు తిరిగేది కూడా పైనీళ్ళలోనే. గాలి కోసం అవి పైకి రాక తప్పదు. అంత పెద్ద వెచ్చని చేప, తిండి లేని చల్లని చీకటి లోతుల్లో ఏం తిని బతుకుతుంది?

ఇంకొక మాట. ఇది రోజూ పళ్ళు రాల్చే జాతి. బతికి ఉంటే ఇవాళ కూడా రాలుస్తూ ఉండాలి. రాయిగా మారకుండా, తెల్లగా, అరచెయ్యంత పచ్చిపన్ను ఒక్కటి ఏ జాలరి వలలో పడినా చాలు, శాస్త్రజ్ఞులు తమ మాట వెనక్కు తీసుకుంటారు. ఇంతవరకు ఒక్కటీ పడలేదు.